తెగులు వరస

సాయంత్రం నాలుగున్నర.
బొండపల్లి దాటాక గరువు మీద మా మడి.
దాలమ్మ మునిగాళ్ళ మీద కూర్చుంటుంది,
చేతిలో వెంట్రుకని పట్టేంత సన్నటి పట్టకారు.
రేపు విచ్చుకోవలసిన మొగ్గని
ఇవాళే ఒప్పించి తెరుస్తుంది.

"ఎనిమిది పుప్పొడి సంచులుంటాయి బావూ.
ఒక్కటి మిగిలినా సాలు,
పువ్వు తన పెళ్ళి తనే సేసీసుకుంటాది.
మనకి కబురెట్టదు."

తెల్లవారి అయిదింటికి మళ్ళీ వస్తుంది.
అడవి సెనగకి మునిమనవడయిన మొక్క నుంచి
పసుప్పచ్చ పొడి తెచ్చి అద్ది
కాడకి ఎర్రదారం కడుతుంది.
మధ్యాహ్నానికి పువ్వు వాడిపోతుంది.
వారం తిరిగాక ఊడ ఒకటి
తల వంచుకుని మట్టిలోకి నడుస్తుంది.

ప్రతి అయిదు వరసలకీ ఒక వరస
రోగం కోసం వేస్తాం.
పోయినేటి మచ్చల ఆకులు దాచి, నానబెట్టి,
పాత పంచెగుడ్డలో వడగట్టి
పొద్దుగూకేక ఆ నీళ్ళు చల్లుతాం.
తిక్కాకుకీ తుప్పుకీ పీట వేసి పిలవడం అన్నమాట.
పక్క చేను పోలినాయుడు గట్టు మీద నిలబడి
"మంచి మందులాగుంది, మాకూ ఓ డబ్బా ఇప్పించండి" అన్నాడు.
అది మందు కాదని చెప్పడానికి
నాకు చాలాసేపు పట్టింది.
అతను నమ్మలేదనే అనుకుంటాను.

నా పుస్తకంలో మార్కులు తిరగబడి ఉంటాయి.
ఒకటి వస్తే ఆకు నవనవలాడుతున్నట్టు.
తొమ్మిదొస్తే కాడ తప్ప ఏమీ లేనట్టు.
లద్దెపురుగుకి ఒక గడి, ఆకుముడతకి ఒకటి,
మొవ్వుకుళ్ళుకి చివర్న ఇరుకైన గడి.
వానలో తడిసి నా తొమ్మిదులు సున్నాల్లా అలుక్కుపోయేవి.

భాద్రపదంలో ఒకరోజు
దాలమ్మ తెగులు వరసలో మొక్క పీకింది.
కాయ చిదిపి నోట్లో వేసుకుంది.
నమలడం ఆపింది.
"ఇది మాయత్త ఇత్తనం.
నడుం సన్నం, గులాబి పొర, రెండే గింజలు.
ఏపితే ఈదంతా తెలిసీది.
దీన్నేటి, రోగానికి మేపుతున్నారు?"

ఏ పరీక్షలోనూ తొమ్మిది తప్పదు దీనికి,
అందరికంటే ముందు అంటించుకుంటుంది,
పక్కవాళ్ళకి పంచుతుంది, అందుకే అన్నాను.
"మాయత్తా అంతే" అంది.
ఇంకేమీ అనలేదు. దులుపుకుని
తన వరసకి వెళ్ళిపోయింది.

ఆ ఏడు గెలిచింది రెండొందల పదిహేడు.
చుట్టూ అంతా మాడిపోతే
అదొక్కటీ కోత దాకా పచ్చగా నిలబడింది.
రెండు మార్కులు. అందరం ఫోటోలు దిగాం.
పీకి చూస్తే కాయ డొల్ల, తోలు మందం,
గింజ కందిబద్దకి అక్కలా ఉంది.
దాలమ్మ ఒకటి కొరికి
తుపుక్కుమనలేదు గానీ
రెండోది తీసుకోలేదు.

మళ్ళీ ఏడు శ్రావణంలో
తెగులు వరస మధ్య ఒక కాడకి
నీలం దారం కనబడింది.
మా పెట్టెలో నీలం లేదు.
దాలమ్మ కోక అంచు మటుకు
జానెడు మేర పీకి ఉంది.

ఎవరు తండ్రి అని అడిగాను.
"రెండొందల పదేడే. ఇంకెవరుంటారు?"
పనివేళ దాటాక, ప్రణాళికలో లేని పని.
ఆఫీసులో చెప్పాలి.
దారం చుట్టూ మట్టి ఎగదోసి
నేను ముందుకి నడిచాను.

కాయ ఒక్కటే నిలిచింది. రెండు గింజలు.
ఒకటి కుండీలోంచి చీమలు ఎత్తుకుపోయాయి.
పురుగుల చదువు చదివినవాణ్ణి, చీమల మందు మర్చిపోయాను.

రెండోది మొలిచింది.
ఏడెనిమిదేళ్ళు పడుతుంది దాలమ్మా,
ఇది రకం అనిపించుకోవాలంటే, అన్నాను.
ఆమె కుండీని నీడలోంచి
రెండడుగులు ఎండలోకి జరిపింది.

ఇవాళ మూడో ఆకు కింద ఒక మచ్చ చూశాను.
ఒకటే. చుట్టూ పసుపు వలయం, ఆవగింజంత.
పుస్తకం తెరిచి, గడి దగ్గర
కలం పెట్టి తీశాను.